చైనా మందు వాడుతున్నప్పుడు పెరుగన్నం, పెసరట్టు తినకూడదా? సింగపూర్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

మజ్జిగపులుసు (సింగపూర్)

అందరికీ నమస్కారం. మేముండేది పుంగ్గోల్ వైపు. నాకు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. నాలుగేళ్లయింది. ఆయింట్‌మెంట్ రాసినన్నాళ్లు తగ్గుతుంది, మానగానే మళ్లీ మొదలు. పక్కింటి చైనీస్ ఆంటీ పోరు పడలేక పోయిన వారం ఒక చైనా వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. రెండు చేతులకీ నాడి చూసింది, నాలుక చాపమంది, నిద్ర ఎలా పడుతోంది, విరేచనం ఎలా అవుతోంది అని అన్నీ అడిగింది. ఒంట్లో "తేమ, వేడి" చేరాయని చెప్పి రెండు వారాలకు సరిపడా పొడి పొట్లాలు ఇచ్చింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, వేడినీళ్లలో కలుపుకుని తాగాలి. రుచి గురించి అడక్కండి. దీని ముందు వేపాకు కషాయం పాయసం లెక్క.

మందు ఎలాగో మింగుతున్నాను. పథ్యమే మింగుడు పడటం లేదు. బయటికి వచ్చేటప్పుడు కౌంటర్‌లో అమ్మాయి ఒక కాగితం చేతిలో పెట్టింది. చల్లనివి వద్దు, పచ్చివి వద్దు, పాలు, పెరుగు వద్దు, కారం, వేపుళ్లు వద్దు, కాఫీ, టీ వద్దు, పెసలు వద్దు, ముల్లంగి వద్దు, మామిడిపండు వద్దు, వంకాయ వద్దు, కొత్తిమీర వద్దు. రొయ్యలు, పీతలు, పొట్టేలు మాంసం కూడా ఉన్నాయి, కానీ మేం శాకాహారులం కాబట్టి ఆ బాధ లేదు. ఇక మిగిలింది అన్నం, సొరకాయ. పెరుగు లేకుండా భోజనం ఎలా ముగించాలో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మూడు రోజులు చేశాను, నాలుగో రోజు ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి. నాకు థైరాయిడ్ ఉంది, రోజూ పొద్దున మాత్ర వేసుకుంటాను. దానికీ ఈ పొడికీ ఎంత ఎడం ఉండాలో అడగడం మర్చిపోయాను. తెలిసినవాళ్లు చెప్పగలరు.

జురాంగ్_అక్క (సింగపూర్)

అమ్మా మజ్జిగపులుసూ, ముందు టెన్షన్ మానెయ్. ఆ కాగితం వచ్చినవాళ్లందరికీ ఇచ్చేదే. దగ్గుకి వెళ్లినా, మోకాలి నొప్పికి వెళ్లినా అదే ఇస్తారు. నేనిక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్లయింది, నాకు అలాంటివి ఓ నాలుగు వచ్చాయి.

ఇక్కడివాళ్లు "హీటీ", "కూలింగ్" అంటుంటారు చూడు, మన "వేడి చేస్తుంది", "చలవ చేస్తుంది" అచ్చంగా అదే. డ్యూరియన్ పండు వేడి, దానికి విరుగుడుగా మాంగోస్టీన్ పండు తినమంటారు. మనం మామిడిపండు తిన్నాక మజ్జిగ తాగమన్నట్టే. కొత్తలో మా ఆఫీసులో ఒకావిడ నా నోటిపూత చూసి "టూ హీటీ లా" అంటే మా అమ్మమ్మే గుర్తొచ్చింది.

రెండో విజిట్‌కి వెళ్లినప్పుడు కాగితం ముందు పెట్టి ఒక్కొక్కటీ అడుగు. నువ్వు ఏం తింటావో వాళ్లకి తెలీదు కదా. వాళ్లు పెరుగు అంటే ఫ్రిజ్‌లోంచి తీసిన తీపి యోగర్ట్ కప్పు అనుకుంటారు.

చేదుకైతే చిట్కా ఉంది. మందుల షాపులో హా ఫ్లేక్స్ అని గులాబీ రంగు బిళ్లలు చిన్న చిన్న చుట్టల్లో అమ్ముతారు. పుల్లగా, తియ్యగా మన రేగొడియాల లాగే ఉంటాయి. ఇక్కడ పిల్లలకి మందు తాగించి చేతిలో అవే పెడతారు. ఒక్కటి చప్పరించు.

నాన్‌జింగ్_తమ్ముడు (చైనా)

అక్కా, నేను ఇక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నా, మాది హన్మకొండ. మా కోర్సులో చైనా వైద్యం కూడా ఒక సబ్జెక్టు. నేను వైద్యుణ్ణి కాదు, చదివింది చెప్తా.

పథ్యాన్ని ఇక్కడ "జీకౌ" అంటరు. నోటికి కట్టడి అని అర్థం. దాంట్లో మూడు రకాలు కలిసిపోయి ఉంటయి, అందుకే ఆ కాగితం అంత పొడుగు. మొదటిది మందు తాగే ఎవరికైనా వర్తించేది: చల్లనిది, పచ్చిది, జిడ్డుది తినొద్దు, అరుగుదల దెబ్బతింటే మందు ఒంటికి పట్టదని. రెండోది రోగాన్ని బట్టి. చర్మరోగాలకు "ఫావూ" అనే మాట వాడతరు, అంటే అణిగి ఉన్న రోగాన్ని పైకి లేపేవి. రొయ్యలు, పీతలు, పొట్టేలు మాంసం, వెదురు కొమ్ములు, కొత్తిమీర, వాళ్లను బట్టి మామిడి, వంకాయ ఇందులోకి వస్తయి. మూడోది మందులో పడ్డ మూలికను బట్టి. ముల్లంగి అసలు జిన్సెంగ్ అని బలానికి వాడే వేరుకు సంబంధించిన గొడవ. జిన్సెంగ్ బలాన్ని పైకి ఎత్తుతది, ముల్లంగి కిందికి దించుతది, రెండూ కలిస్తే డబ్బు దండగ అని వాళ్ల లెక్క. మీ మందులో జిన్సెంగ్ ఉందో లేదో ముందు చూడాలె.

ఇవి కొత్తగా పుట్టినవి కావు. ఝాంగ్ ఝోంగ్‌జింగ్ అని దాదాపు 1800 ఏళ్ల కిందటి వైద్యుడు జలుబుకు దాల్చిని కొమ్మలతో ఒక కషాయం చెప్పిండు. అది తాగిన కాసేపటికి వేడి వేడి పలచటి గంజి తాగి దుప్పటి కప్పుకొమ్మన్నడు, సన్నగా చెమట పట్టాలని. ఆ రోజుల్లో వద్దన్నవేంటంటే పచ్చివి, చల్లనివి, జిగురువి, మాంసం, పిండివంటలు, ఐదు రకాల ఘాటు కూరలు, సారాయి, పెరుగు లాంటి పాల పదార్థాలు. ఆ వరుస చదివినప్పుడు మా నానమ్మ జ్వరం పథ్యం రాసినట్టే అనిపించింది నాకు.

సందేహాలరావు (హైదరాబాద్)

అంటే 1800 ఏళ్ల కిందట ఎవరో చెప్పారు కాబట్టి ఈవిడ సింగపూర్‌లో పెరుగు మానెయ్యాలి. కొత్తిమీర తింటే ఎగ్జిమా లేస్తుందని ఎవరైనా పరీక్ష చేసి చూశారా? తగ్గకపోతే "మీరు పథ్యం సరిగ్గా చెయ్యలేదు" అనడానికి ఇది బాగా పనికొస్తుంది. మా ఊళ్లో పసిరికలకు పసరు పోసేవాడు కూడా ఇదే ఎత్తు వేసేవాడు.

బెజవాడ_వైద్యం (విజయవాడ)

రావుగారూ, మీ అనుమానంలో న్యాయం ఉంది. కానీ పథ్యమంతా ఎత్తుగడే అనకండి. నేను ఆయుర్వేదం ప్రాక్టీసు చేస్తాను. పెరుగు స్రావాలను పెంచుతుందనీ, రాత్రిపూట తినకూడదనీ చరకుడు కూడా చెప్పాడు. అదే పెరుగుని నీళ్లు పోసి చిలికి వెన్న తీసేస్తే మజ్జిగ, దాని గుణమే వేరు, తేలిగ్గా అరుగుతుందంటాం. చైనా వంటలో ఈ చిలకడం అనే పని లేదు, అందుకే ఆ కాగితంలో మజ్జిగ ఊసు లేదు. మజ్జిగపులుసు గారు ఆ తేడా వైద్యురాలికి వివరంగా చెప్పాలి.

మన ఇళ్లలో దురదలుంటే వంకాయ, గోంగూర మానమనేది ఎవరు? మన అమ్మలే. బెజవాడ నుంచి నాన్‌జింగ్ దాకా వంకాయకు చెడ్డపేరే.

ఒక్క మాట. ఆయుర్వేద మందులు కూడా వాడుతుంటే రెండూ కలపకండి. అతిమధురం లాంటివి రెండు వైద్యాల్లోనూ ఉన్నాయి, తెలియకుండా రెండింతలు పడుతుంది.

మందులకొట్టు (న్యూజెర్సీ)

నేను ఫార్మసిస్టుని. సందేహాలరావు గారన్నట్టు "వేడి, చలవ" జాబితాలకు గట్టి పరీక్షలు పెద్దగా లేవు. ఎగ్జిమాకి మూలికల కషాయం సంగతి మాత్రం పరీక్షించారు. 1992లో లండన్ వాళ్లు పెద్దవాళ్ల మీద చేసిన చిన్న పరీక్షలో బాగా పనిచేసింది. అదే రకం మందుతో 1999లో హాంకాంగ్‌లో చేస్తే ఉత్తుత్తి మందుకీ దానికీ తేడా కనబడలేదు. కాబట్టి నమ్మినవాళ్లకీ, నమ్మనివాళ్లకీ చెరొకటి దొరికింది. ఇలాంటి మందులతో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి. నెలల తరబడి వాడేటట్టయితే మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి లివర్ టెస్టు చేయించుకోండి.

నన్నడిగితే ఆ కాగితంలో లేనివే అసలు భయపడాల్సినవి. దాంట్లో థైరాయిడ్ మాత్ర మాట ఎక్కడైనా ఉందా? రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాట ఉందా? బీపీ మాత్ర? ఉండదు. అతిమధురం ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో పడితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. నీరు తీసే మాత్రలు వాడేవాళ్లకి మరీ ప్రమాదం. దాంగ్‌గ్వే, దాన్‌షెన్ అనే వేర్లు వార్ఫరిన్‌తో కలిస్తే రక్తం మరీ పలచబడుతుంది. వీటి ముందు మీ పెసరట్టు ఎంత?

థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపున నీళ్లతోనే వేసుకోవాలి, అది మీకు తెలిసే ఉంటుంది. పొడికి ఎంత ఎడం అనేది దాంట్లో ఏముందో చూసి చెప్పాలి. మూలికల పేర్లు ఇక్కడ పెట్టండి.

సాయ్‌కుంగ్_తీరం (హాంకాంగ్)

మందులకొట్టు గారు వార్ఫరిన్ అన్నారు కాబట్టి మా ఇంట్లో జరిగింది చెబుతాను. అత్తగారికి గుండె కవాటం మార్చారు, వార్ఫరిన్ వాడతారు. రెండేళ్ల కిందట ఇక్కడికొచ్చినప్పుడు నీరసంగా ఉందంటే, సూపర్‌మార్కెట్‌లో సూప్ కోసం అమ్మే మూలికల ప్యాకెట్ తెచ్చాను. ఎర్ర ఖర్జూరాలు, గోజీ పళ్లు, ఏవో వేర్లు. మందు అని అనుకోలేదు, కూరగాయల పక్కనే పెట్టి అమ్ముతారు కదా. కోడి వేసి ఉడికించి వారంలో నాలుగుసార్లు పెట్టాను. ఆవిడకి నచ్చింది కూడా. తర్వాతి వారం పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేస్తే ఐదు దాటింది, అంటే మరీ ఎక్కువ. డాక్టరు మొదట అడిగిన ప్రశ్న "కొత్తగా ఏం తిన్నారు?" అని. ప్యాకెట్ మీద చూపిస్తే అందులో ఒక వేరు దాంగ్‌గ్వే.

ఎవరినీ తప్పు పట్టను, ప్యాకెట్ వెనక పేరు రాసే ఉంది, నాకే చదవడం రాలేదు. అప్పటినుంచి చైనీస్ అక్షరాలున్న ఏ పొట్లమైనా ఫోన్‌తో అనువాదం చేసుకున్నాకే గిన్నెలో వేస్తాను.

మజ్జిగపులుసు (సింగపూర్)

అమ్మో, నేను అలాంటి సూప్ ప్యాకెట్లు రెండు కొనిపెట్టాను. తీసి పక్కన పెట్టేశాను.

క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగితే మందు చీటీ పంపారు. చైనీస్‌లో ఉంది. తమ్ముడూ, ఫొటో పెడుతున్నాను, కాస్త చదివి చెప్పు.

నాన్‌జింగ్_తమ్ముడు (చైనా)

అక్కా, ఇది "షియావ్‌ఫెంగ్ సాన్" అనే పాత యోగం మీద కట్టింది. "గాలిని పోగొట్టే పొడి" అని అర్థం. దురదను వాళ్లు గాలి లెక్కలో వేస్తరు, ఒకచోట ఉండదు, తిరుగుతది కదా. ఇందులో దాంగ్‌గ్వే ఉంది, షెంగ్‌దీ అనే నల్లటి వేరు, అతిమధురం, నువ్వులు, ఇంకా షీగావ్ అంటే జిప్సం. జిన్సెంగ్ లేదు. కాబట్టి జిన్సెంగ్ లెక్కన ముల్లంగికి అడ్డు లేదు. కానీ షెంగ్‌దీ ఉన్నప్పుడు ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి తినొద్దని లీ షిజెన్ అనే పాతకాలం వైద్యుడి పుస్తకంలో ఉంది. 1596లో అచ్చయిన పుస్తకం, 1892 పదార్థాలు రాసిండు. మందు తినేటప్పుడు ఏ మూలికకు ఏది పడదో అందులో ఒక విడి భాగమే ఉంది. తాబేటి చిప్ప మందులో పడితే తోటకూర వద్దని కూడా రాసిండు.

ఇప్పుడు అసలు విషయం. మీరు శాకాహారులు అన్నరు కదా. చీటీలో ఏడోది "చాన్‌త్వే". అది కీచురాయి విడిచిన పొట్టు. చెట్ల బెరడుకు అతుక్కొని ఖాళీ డొల్లలు కనబడతయి చూడండి, అవే. దురదకు చాలామంది రాస్తరు. మీరు పురుగును తినలేదు, అది వదిలేసిన చొక్కా మాత్రమే, కానీ చెప్పకుండా ఉండలేకపోయిన.

ఇంకొకటి "ముతోంగ్" అని ఉంది. ఇప్పుడు వాడే రకం వేరు, కానీ ఏ రకమో వాళ్లను అడగండి. పాత రోజుల్లో అదే పేరుతో అరిస్టోలోకియా జాతి మొక్కను కూడా వాడేవాళ్లు, అది కిడ్నీలను తినేస్తది. చైనాలోనే 2003లో దాన్ని తీసేసిన్రు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందులో పేరు తారుమారై ఇదే జాతి మొక్క పడి వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు పోయినయి.

మజ్జిగపులుసు (సింగపూర్)

ఏడు రోజులుగా కీచురాయి పొట్టు తాగుతున్నానా? మా అమ్మకి ఈ పేజీ కనబడకూడదు దేవుడా.

జురాంగ్_అక్క (సింగపూర్)

నవ్వాపుకోలేకపోతున్నా, ఏమీ అనుకోకు. అందుకే చెప్తున్నా, నువ్వు వెజిటేరియన్ అని ముందే చెప్పాల్సింది. ఇక్కడ బౌద్ధులు చాలామంది శాకాహారులు, వాళ్లకిది కొత్త కాదు. గాడిద తోలుతో చేసే జిగురు కూడా ఉంటుంది వాళ్ల మందుల్లో, రక్తం తక్కువైన ఆడవాళ్లకి రాస్తారు. చెప్తే మారుస్తారు.

వెళ్లినప్పుడు ఆవిడ రిజిస్టరైన వైద్యురాలేనా అని కూడా చూడు. ఇక్కడ 2000లో చట్టం వచ్చాక చైనా వైద్యులకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది.

మందులకొట్టు (న్యూజెర్సీ)

చీటీ చూశాను. షీగావ్ అంటే జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్. టోఫూ గడ్డకట్టించడానికి వేసేదే. కాల్షియం ఉన్నవి థైరాయిడ్ మాత్రని పేగుల్లో పట్టేసుకుంటాయి, మాత్ర ఒంటికి సరిగ్గా అందదు. కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం చెబుతాం. పొడిలో ఎంత కాల్షియం ఉందో మనకి తెలీదు కాబట్టి దీనికీ నాలుగు గంటలే పాటించండి. పొద్దున ఆరింటికి మాత్ర వేసుకుంటే మొదటి పొట్లం పది, పదకొండింటికి. ఆరువారాలు గడిచాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఒకసారి చూపించుకోండి.

ఇప్పటిదాకా రెండూ ఎంత ఎడంలో వేసుకున్నారు?

మజ్జిగపులుసు (సింగపూర్)

మాత్ర ఆరింటికి. పొడి ఆరున్నరకి. ఖాళీ కడుపున అన్నీ ఒకేసారి అయిపోతాయి కదా అని.

సందేహాలరావు (హైదరాబాద్)

అదిగో. వారం రోజులు కొత్తిమీర కోసం ఏడ్చారు, థైరాయిడ్ మాత్ర మాత్రం జిప్సంతో కలిపి తాగారు. ఎగతాళి కాదండీ, నేనైనా అదే చేసేవాణ్ణి.

మజ్జిగపులుసు (సింగపూర్)

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. నిన్న రెండో విజిట్‌కి వెళ్లొచ్చాను. మీరు చెప్పినవన్నీ రాసుకుని వెళ్లాను, ఆవిడ నా కాగితం చూసి "పరీక్షకి వచ్చావా?" అని నవ్వింది.

థైరాయిడ్ మాత్ర గురించి మొదటిసారి ఫారంలో రాశాను కానీ ఆవిడ చూడలేదట, తనే సారీ చెప్పింది. ఎడం నాలుగు గంటలకి ఒప్పుకుంది. కీచురాయి పొట్టు తీసేసి వేరే ఆకు ఏదో వేసింది. ముతోంగ్ ఏ రకమో అడిగితే లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి లాటిన్ పేరు చూపించింది, క్లిమాటిస్ అని ఉంది, అరిస్టోలోకియా కాదు. డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీము హఠాత్తుగా మానొద్దని తనే అంది, అది నాకు నచ్చింది. ఊరూ పేరూ లేని "హెర్బల్" క్రీములు ఆన్‌లైన్‌లో కొనొద్దని, వాటిలో చెప్పకుండా స్టెరాయిడ్ కలిపినవి ఇక్కడ చాలాసార్లు పట్టుబడ్డాయని కూడా చెప్పింది.

ఇక తిండి. పెసరట్టు గురించి ఫోన్‌లో ఫొటో చూపించి, పెసలు నానబెట్టి రుబ్బి అట్టు పోస్తామని చెప్పాను. పెసలు మందు బలాన్ని విరిచేస్తాయని జనం అంటారు కానీ అది ఒంటిని వేడెక్కించే మందులకి, నీది చలవ చేసే మందు, పెసలు కూడా చలవే, మందుకి గంట ఎడంగా తినమంది. నేను సంతోషంలో ఉండగానే "దాంతో ఏం నంచుకుంటావు?" అని అడిగింది. అల్లం పచ్చడి అన్నాను. అల్లమూ మిరపకాయా కలిపి రుబ్బుతామని విని ఆవిడ మొహం చూడాలి. అది మాత్రం వద్దే వద్దట. పెసరట్టు ఉంది, అల్లం పచ్చడి లేదు. ఇదేం న్యాయమో.

మజ్జిగ వివరించడానికి పావుగంట పట్టింది. పెరుగులో నాలుగింతలు నీళ్లు పోసి చిలికి, ఫ్రిజ్‌లో పెట్టకుండా, మధ్యాహ్నం ఒక గ్లాసు తాగొచ్చంది. రాత్రి వద్దంది. బెజవాడ వైద్యంగారూ, మీ చరకుడూ ఈవిడా కలిసి మాట్లాడుకున్నట్టున్నారు. ముల్లంగి సాంబారు వారానికి ఒకసారి, మందు లేని పూట. ఉల్లి, వెల్లుల్లి ఉడికించినవి పర్వాలేదు, పచ్చివి వద్దు. కాఫీ రోజుకి ఒకటి, మందుకి దూరంగా. వంకాయ, మామిడి, గోంగూర మాత్రం మచ్చలు ఆరేదాకా కుదరదంది. గోంగూర అంటే ఏంటో ఆవిడకి తెలీదు, రోజెల్ ఆకు, పుల్లగా ఉంటుంది అన్నాను. "నీకే తెలుసుగా" అంది.

దురద కొంచెం తగ్గింది. మందు వల్లో, కారం మానడం వల్లో, వేపుళ్లు మానడం వల్లో చెప్పలేను. లివర్ టెస్టుకి పాలీక్లినిక్‌లో టైమ్ తీసుకున్నాను.

సందేహాలరావు (హైదరాబాద్)

"ఎందువల్లో చెప్పలేను" అన్నారు చూడండి, ఆ ఒక్క మాటకి మీకు దండం పెడుతున్నా. డబ్బా తెచ్చి పేరు చూపించిన వైద్యురాలికి కూడా.

సాయ్‌కుంగ్_తీరం (హాంకాంగ్)

అల్లం పచ్చడికి బదులు కొబ్బరి పచ్చడి చేసుకోండి. పచ్చిమిరపకాయ ఒక్కటంటే ఒక్కటి వేసి. కొత్తిమీర వద్దన్నారుగా, కరివేపాకు వేయించి కలపండి.

జురాంగ్_అక్క (సింగపూర్)

మీ అమ్మ ఎప్పుడొస్తున్నారు? ఏం తెస్తున్నారు?

మజ్జిగపులుసు (సింగపూర్)

ఇరవయ్యో తారీఖు. మూడు కిలోల గోంగూర పచ్చడి ప్యాక్ చేయించానని ఇప్పుడే ఫోన్ చేసింది. వద్దని చెప్పడానికి నోరు రాలేదు అక్కా. ఒక కిలో మీకు, మిగతాది మచ్చలు ఆరేదాకా ఫ్రీజర్‌లో.